ఆరంభశూరత్వము – నిత్యవ్యాయామము

(శ్రీ సిటీ యందు జరిగిన మన సంఘ వార్షిక మహాసభలో గావించిన ఉపన్యాసము)



వ్యాయామమును గూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదని కార్యదర్శిగారు మమ్ము కోరినపుడు, సంస్కృతపాఠములు చెప్పి విశ్రాంతి గొన్న పంతులకును వ్యాయామమునకును సంబంధమేమని మిత్రులు కొందఱు నవ్విరి. సంబంధము కలదని మా మనవి. ఏ కండరమును ఎట్లు పెంచవలెనో నేర్పుటకు మాకంటె సమర్థులు పలువురు గలరు. కాని మొదలుపెట్టినదానిని విడువకుండుట యెట్లు అను ప్రశ్న పంతుళ్ల కందఱికిని ఏటేట ఎదురగు ప్రశ్నయే. బడి తెఱచిన నాడు కొత్త పుస్తకములకు అట్టలు వేసికొని వచ్చిన పిల్లలలో, దసరా నాటికి ఎందఱు అదే శ్రద్ధతో చదువుచుందురో మేము చూచుచు వచ్చితిమి. కావున నేటి మా ప్రసంగము వ్యాయామమును గూర్చినది యనుటకంటె, వ్యాయామము మానకుండుటను గూర్చినది యనుట యుక్తము.

ఆంధ్రులు ఆరంభశూరులను మాట మన భాషలో చిరకాలముగా నున్నది. పరులు మనలను నిందింప నవసరము లేకయే మనలను మనమే అనుకొను మాట యిది. వ్యాయామ విషయమున దీని సత్యమును ప్రతి వీథిలోను చూడవచ్చును. ఉగాది నాడో, ఆంగ్లసంవత్సరాది నాడో, వైద్యుడు రక్తపరీక్ష కాగితము చూచి కనుబొమలు ముడిచిన నాడో మనవారికి పౌరుషము కలుగును. కొత్త బూట్లు కొందురు. మొదటి వారము గంటన్నర నడతురు. రెండవ వారము మోకాలు నొచ్చును. మూడవ వారము వాన కురియును. నాలుగవ వారము బంధువుల యింట పెండ్లి. ఆ పిదప బూట్లు అటకెక్కును. మఱుసటి ఉగాదికి మరల పౌరుషము, మరల కొత్త బూట్లు! ఇందు లోపించినది పౌరుషము కాదు. పౌరుషము ప్రతి యేటను పుట్టుచునే యున్నది. లోపించినది వేఱొకటి. అదేదో విచారించుటయే నేటి పని.

మాఱిన బ్రతుకు

ముందుగా, ఈ విచారము మనకు ఇప్పుడెందులకు అక్కఱ కలిగినదో చెప్పవలెను. సత్యవేడు, వరదయ్యపాళెము మండలముల ఈ నేలపై 2008లో శ్రీ సిటీ ఆరంభమైనది. అంతకు పూర్వము ఈ చుట్టుపట్ల మనవారి జీవనము చేను, చెఱువు, పశువు అను మూటి చుట్టు తిరిగెడిది. తెల్లవాఱకమునుపే మడి గట్టున నడచుట, నీరు కట్టుట, గడ్డిమోపు తలకెత్తుకొనుట, బావి నుండి చేదుట ఇవి యన్నియు వ్యాయామమని ఎవరును పేరు పెట్టలేదు. పేరు పెట్టకయే శరీరము గట్టిపడెడిది. నేడు మన బిడ్డలు మోటారుబండ్లు, తినుబండారములు, యంత్రభాగములు తయారగు కర్మాగారములలో పని చేయుచున్నారు. కంపెనీ బస్సు ఊరి మొగనే ఎక్కించుకొని, మరల అచ్చటనే దింపుచున్నది. జీతము వచ్చినది; ఇల్లు లేచినది; పిల్లలు పెద్ద చదువులు చదువుచున్నారు. ఇది సంతోషింపవలసిన మార్పే. కాని పూర్వము కూలి లేకుండ పొలము చేయించిన శ్రమను నేడు మనమే కోరి తెచ్చుకొనవలసిన దినము వచ్చినది.

దేశమంతటను ఇదే తీరు. భారత వైద్య పరిశోధన మండలివారి సర్వేక్షణమును బట్టి 2023లో ప్రకటింపబడిన లెక్క ప్రకారము మన దేశమున 10 కోట్లకు పైగా జనులు చక్కెరజబ్బుతో నున్నారు. 2024లో లాన్సెట్ వైద్యపత్రికా వర్గమున వెలువడిన మఱియొక పరిశీలనము, 2022 నాటికి భారతీయులగు వయోజనులలో దాదాపు సగము మంది ఒంటికి చాలినంత కదలిక లేనివారని తేల్చినది. 2000లో ఈ సంఖ్య నూటికి 22 మాత్రమే. స్త్రీలలో నూటికి 57 మంది, పురుషులలో 42 మంది ఈ స్థితిలో నున్నారు.

కదలికకును గుండెకును గల సంబంధము 1953లోనే లోకమునకు స్పష్టముగా తెలిసినది. జెరెమీ మారిస్ అను వైద్యుడు లండను నగరపు రెండంతస్తుల బస్సులలో పనిచేయువారిని పరిశీలించెను. రోజంతయు కూర్చుండి బండి నడపు డ్రైవర్లకంటె, మెట్లెక్కి దిగుచు టిక్కెట్లు ఇచ్చు కండక్టర్లకు గుండెజబ్బు తక్కువగా వచ్చుచున్నదని కనుగొనెను. ఒకే బస్సు, ఒకే వీథి; కాని ఒకడు కూర్చున్నాడు, ఒకడు మెట్లెక్కినాడు. నేటి కర్మాగారములలోను కార్యాలయములలోను మన బిడ్డలు పెక్కుమంది ఆ డ్రైవరు స్థానమున నున్నవారే యని మఱువరాదు.

ఇచ్చట ఒక మాట. దినమంతయు బరువులు మోయువానికి, నేటికిని చేనిలో పార పట్టువానికి మా ఉపన్యాసము అక్కఱలేదు. వానికి కావలసినది విశ్రాంతియు, మంచి భోజనమును. యంత్రము ముందు ఒక్క చోటనే ఎనిమిది గంటలు నిలుచువాని సంగతి వేఱు. వాని కాళ్లు అలయును గాని గుండెకు, ఊపిరికి తగిన పని కలుగదు. అలసట వేఱు, వ్యాయామము వేఱు.

ఉత్సాహము చాలునా?

వ్యాయామము వలన మేలు కలుగునని ఎఱుగనివారు ఈ సభలో లేరు. ఎఱిగియు చేయకుండుటకు కారణము ఉత్సాహము లేకపోవుట యని తలచి, ఉత్సాహము కలిగించు ఉపన్యాసములు ఏర్పాటు చేయుచుందురు. ఇట్టి ఉపన్యాసముల ఫలమును ఇంగ్లండులో మిల్నే, ఆర్బెల్, షీరన్ అను మువ్వురు పరిశోధకులు పరీక్షించి 2002లో ప్రకటించిరి. విద్యార్థులను మూడు జట్లుగా విభజించిరి. ఒక జట్టునకు ప్రత్యేకముగా ఏమియు చెప్పలేదు. రెండవ జట్టునకు వ్యాయామము చేయనిచో గుండెకు కలుగు కీడును బోధించిరి. మూడవ జట్టునకు ఆ బోధతోపాటు ఒక చిన్న పని చెప్పిరి: రానున్న వారములో ఏ దినమున, ఏ వేళ, ఏ చోట వ్యాయామము చేయుదురో వ్రాయవలెను. మొదటి జట్టులో నూటికి 38 మంది, బోధ మాత్రమే విన్న రెండవ జట్టులో 35 మంది, వేళయు చోటును వ్రాసినవారిలో 91 మంది వ్యాయామము చేసిరి.

బోధ విన్నవారికి సంకల్పము బలపడినది గాని కాలు కదలలేదు. వేళయు చోటును నిశ్చయించుకొన్నవారికి కాలు కదలినది. ఈ లెక్క చూచిన పిదప, మేము ఎంత చక్కగా మాటలాడినను దానివలన మాత్రమే మీకు మేలు కలుగదని ఒప్పుకొనక తప్పదు. కావున ఉత్సాహము నింపుట మా ఉద్దేశము కాదు. ఉత్సాహము లేని దినమున కూడ పని జరుగునట్లు చేయు ఏర్పాటును మీ ముందుంచుటయే మా ఉద్దేశము.

నిత్యము, నైమిత్తికము, కామ్యము

మన మీమాంసకులు కర్మలను మూడు తెఱగులుగా విభజించిరి. దినదినమును తప్పక చేయవలసినది నిత్యము. ఒక నిమిత్తము వచ్చినపుడు చేయవలసినది నైమిత్తికము. ఒక ఫలమును కోరి చేయునది కామ్యము. ఈ విభాగము యజ్ఞయాగములకు ఏర్పడినదే యైనను, మన ప్రస్తుత విషయమునకు దీనికంటె చక్కని వెలుగు మాకు కనబడలేదు.

వ్యాయామము మొదలిడువారిలో అధికసంఖ్యాకులు దానిని కామ్యముగా మొదలిడుదురు. పది కిలోల బరువు తగ్గవలెను. పెండ్లి నాటికి పొట్ట కరగవలెను. వచ్చు నెల రక్తపరీక్షలో చక్కెర దిగవలెను. కోరిక తప్పు కాదు. కాని శరీరము తొందరపడదు. మూడు వారములు నడచి తూకపు యంత్రము నెక్కగా అరకిలో కూడ తగ్గదు. ఫలము కనబడనిచో కామ్యకర్మను విడుచుట సహజము. ఫలము కనబడినను చిక్కే! పెండ్లి యైన మఱునాడు పొట్టతో పనిలేదు. పరీక్షలో చక్కెర దిగినచో ఇక భయము లేదు. ఓడినను మానును, గెలిచినను మానును. కామ్యముగా పెట్టుకొన్న వ్యాయామపు గతి యిది.

నిత్యకర్మ అట్టిది కాదు. ప్రొద్దుట పండ్లు తోముకొనువాడు ఈ దినమున నా పండ్లు ఎంత తెల్లబడెనని అద్దము చూచి, తెల్లబడలేదని రేపటినుండి మానడు. దీపము పెట్టు ఇల్లాలు నేడు నాకు ఉత్సాహమున్నదా లేదా యని విచారింపదు. సంజ యైనది, దీపము పెట్టవలెను, అంతే. నిత్యమునకు కారణము కోరిక కాదు, వేళ. వేళ రాగానే పని జరుగును.

ఈ రెంటికిని మఱియొక భేదము గలదు. అది మిక్కిలి ఉపకరించునది గాన శ్రద్ధతో వినవలెను. కామ్యకర్మను అంగములన్నియు లోపింపక చేసినగాని ఫలింపదని మీమాంసకుల నిర్ణయము. నిత్యకర్మను మాత్రము యథాశక్తిగా చేసినను చాలును. అంగము కొంత లోపించినను నిత్యము నిత్యమే. మనవారు వ్యాయామమును దీనికి తలక్రిందుగా చేయుచున్నారు. గంట నడువుటకు వీలుపడలేదా, అసలు నడువనే నడువరు. పది నిమిషముల నడకను నడకగానే లెక్కింపరు. ఆ దినమున పది నిమిషములు నడచినవాడు శరీరమునకు చేసిన మేలు స్వల్పమే కావచ్చును. కాని తన నిత్యమును కాపాడుకొన్నాడు. రేపటి గంటసేపు నడకకు నేటి పది నిమిషములే వారధి.

కావున మా మొదటి సూత్రము: ప్రతివాడును తన వ్యాయామమునకు రెండు కొలతలు పెట్టుకొనవలెను. వీలున్న దినమున పూర్ణము. వీలులేని దినమున యథాశక్తి. ఆ రెండవ కొలత ఎంత చిన్నదిగా నుండవలెననగా, జలుబు చేసిన నాడును, ఇంట చుట్టములున్న నాడును చేయగలిగినంత. ఇంటి ముందు పది నిమిషములు నడచుటయో, పది బస్కీలు తీయుటయో చాలును.

సగము బలము

రెండవ సూత్రము మన వైద్యగ్రంథములు చెప్పినదే. వ్యాయామమును తన బలములో సగము మేరకే చేయవలెనని సుశ్రుతుడు విధించెను. సగమైనదని తెలియుటకు గుఱుతును చెప్పెను: ఊపిరి నోటికి వచ్చుట. నేటి వైద్యులు ఇంచుమించు ఇదే చెప్పుచున్నారు. నడచుచు ప్రక్కవానితో మాటలాడగలిగి, పాట మాత్రము పాడలేనంత వేగము మధ్యమశ్రమ యని వారి లెక్క. వాగ్భటుడు శీతకాల వసంతములలో సగము బలముతోను, తక్కిన ఋతువులలో అంతకంటె తక్కువగాను చేయుమనెను. శక్తికి మించి శ్రమించువాడు, ఏనుగును ఈడ్వబోయిన సింహమువలె తానే నశించునని హెచ్చరించెను.

ఆరంభశూరునికి కావలసిన మందు ఇదియే. మొదటి వారమున ఆయన చూపు పరాక్రమమే రెండవ వారపు మోకాలినొప్పికి కారణము. అమరకోశమున ఇంచుమించు 1,500 శ్లోకములు గలవు. దినమునకు రెండేసి వల్లించు పిల్లవాడు సుమారు రెండేండ్లలో ముగించును. మొదటి దినమున ఇరువది వల్లించి, తలనొప్పి వచ్చి, వారము దినములు పుస్తకము ముట్టనివాడు స్వర్గవర్గమైనను దాటడు. శరీరమును విద్యార్థియే. దానికి పాఠము కొద్దికొద్దిగా చెప్పవలెను. మొదటి వారము పదిహేను నిమిషములు చాలును. ఇంకను నడువగలనని తోచుచుండగనే ఇల్లు చేరవలెను. ఆ మిగిలిన కోరికయే మఱునాడు నిద్ర లేపును.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ప్రకటించిన నియమముల ప్రకారము వయోజనులు వారమునకు 150 నుండి 300 నిమిషముల మధ్యమశ్రమ చేయవలెను. వారమునకు రెండు దినములైన కండరములకు బలమిచ్చు వ్యాయామము చేయవలెను. అఱువదియైదేండ్లు దాటినవారు తూలిపడకుండుటకై నిలుకడనిచ్చు అభ్యాసములను వారమునకు మూడు దినములు చేయవలెను. 150 నిమిషములనగా దినమునకు అరగంట చొప్పున ఐదు దినములు. మొదటి దినముననే అక్కడికి చేరనక్కఱలేదు; రెండు మూడు నెలలలో చేరినను ఆలస్యము కాదు. గుండెజబ్బు, రక్తపుపోటు, చక్కెరజబ్బు గలవారు ముందుగా వైద్యునితో మాటలాడవలెను. నడకలో రొమ్ము పట్టినట్లున్నను, తల తిరిగినను వెంటనే నిలిచిపోవలెను. దీనిని పౌరుషమునకు పరీక్షగా భావింపరాదు.

వేళ, చోటు, తోడు

మూడవ సూత్రము వేళను గూర్చినది. ఇచ్చట పెద్దలొక పొరపాటు చేయుచుందురు. బ్రాహ్మీముహూర్తమున లేవుమని అందఱికిని ఒకే యుపదేశము చేయుదురు. రాత్రి షిఫ్టు ముగించుకొని తెల్లవాఱిన పిదప ఇల్లు చేరు బిడ్డకు ఈ యుపదేశము పరిహాసముగా తోచును. షిఫ్టు వారము వారము మాఱువానికి గడియారమును పట్టుకొని వేళ నిర్ణయించుట పొసగదు. అట్టివాడు గడియారమును గాక, తాను ప్రతిదినము తప్పక చేయు పనిని పట్టుకొనవలెను. బస్సు దిగినవెంటనే ఇంటికి పోక ముందుగా పదిహేను నిమిషములు నడచుట; నిద్ర లేచి మొగము కడిగినవెంటనే పండ్రెండు సూర్యనమస్కారములు. బస్సు ఏ వేళ వచ్చినను సరే, దిగుట యనునది నిత్యము. ఆ నిత్యమునకు ఈ నిత్యమును ముడివేయవలెను.

చోటును ముందే నిశ్చయించుకొనవలెను. మన ప్రాంతపు ఎండయు వానయు ఎట్టివో మీరెఱుగుదురు. చైత్రము మొదలు జ్యేష్ఠము వఱకు, పులికాటు మీది గాలి ఉక్కతో కలిసి వచ్చు దినములలో, ప్రొద్దెక్కిన పిదప నడచుట ప్రమాదము. ఆశ్వయుజము మొదలు ఈశాన్యపు వానలు పట్టుకొనును. వాయుగుండము వచ్చినచో వారము దినములు వీథి కనబడదు. ఎందఱి నడకయో ఆగిపోవునది ఇచ్చటనే. కావున వాన కురిసిన దినమున చేయవలసిన లోపలి వ్యాయామమును వాన రాకముందే నేర్చుకొనియుండవలెను. దండీలు, బస్కీలు, సూర్యనమస్కారములు, ఆసనములు వీనికి నాలుగడుగుల చాప చాలును. మన తాతలు తాలింఖానాలలో వీనినే చేసిరి.

తోడు విషయమున మనకు ఒక చక్కని దృష్టాంతము చేతిలోనే యున్నది. మన యింటి యువకుడు ఏడాదంతయు ఏడు గంటలకు గాని లేవడు. అయ్యప్ప మాల వేసిన నాటినుండి మండలకాలము, నలువదియొక్క దినములు, చలిలో తెల్లవాఱుజామున చన్నీళ్లు పోసికొని, చెప్పులు లేక నడచి, ఒంటిపూట భుజించును. అతనికి ఆ శక్తి యెచ్చటినుండి వచ్చినది? భక్తి మూలమగుట నిజమే. కాని భక్తికి దీక్ష యొక కట్టడి నిచ్చినది. నియమములు ముందే నిర్ణీతములు. ప్రతి ఉదయము వాదింప పనిలేదు. మెడలోని మాల నలుగురికిని కనబడుచున్నది. గురుస్వామి యున్నాడు; తోటి స్వాములున్నారు; ఒకడు లేవనిచో వేఱొకడు తలుపు తట్టును. మనవారికి పట్టుదల లేదనుట అబద్ధము. పట్టుదలను నిలుపు కట్టడి యున్న చోట అది నిలుచుచున్నది, లేనిచోట జాఱుచున్నది.

అయితే దీక్షకు ఒక హద్దు గలదు. మాల తీసిన మఱునాటినుండి పాత అలవాట్లు మరల వచ్చి కూర్చుండును. కావున వ్యాయామమును దీక్షగా మొదలిడి, నిత్యముగా మార్చుకొనవలెను. ఇందుకు ఎన్ని దినములు పట్టును? లండను యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ అను పరిశోధకురాలును ఆమె సహచరులును 96 మందిని పరిశీలించి 2009లో ప్రకటించిన ప్రకారము, కొత్త పని అప్రయత్నముగా జరుగు స్థితికి రాసాగుటకు సగటున 66 దినములు పట్టినది. కొందఱికి 18 దినములే చాలినవి. కొందఱికి 254 దినములు పట్టునని లెక్క తేలినది. సులభమైన పనికంటె వ్యాయామము వంటి కష్టమైన పనికి ఎక్కువ కాలము కావలసివచ్చినది. అనగా ఒక మండలము చాలదు. రెండవ మండలమును కావలెను. మొదటి మండలము ముగిసినను అలవాటు కాలేదని దిగులుపడువారు ఈ లెక్కను జ్ఞప్తియందుంచుకొనవలెను. వారు తప్పిపోలేదు, త్రోవలోనే యున్నారు.

తప్పిన దినము

ఆ పరిశోధనలోనే మఱియొక విశేషము గలదు. నడుమ ఒకనాడు తప్పినంతమాత్రమున అలవాటు చెడలేదు. మనవారిని చెఱచునది తప్పిన దినము కాదు. తప్పిన దినమును గూర్చి పడు చింత. వ్రతభంగమైనది, ఇక వచ్చు నెల ఒకటవ తేదీనుండి చూచుకొందమనుకొందురు. ఆ ఒకటవ తేదీయే ఆరంభశూరత్వమునకు తల్లి. యోగశాస్త్రమున పతంజలి అభ్యాసము గట్టిపడుటకు మూడు చెప్పెను: చిరకాలము చేయుట, ఎడతెగక చేయుట, ఆదరముతో చేయుట. ఎడతెగకుండుట యన్నది గృహస్థునకు కష్టమే. చావు వచ్చును, జ్వరము వచ్చును, ప్రయాణము వచ్చును. తెగిన దారమును పాఱవేయక, తెగిన చోటనే ముడివేయువాడును నేత సాగించును. కావున మా నాల్గవ సూత్రము: ఒకనాడు తప్పిన తప్పవచ్చును, వరుసగా రెండవనాడు తప్పరాదు. ఆ రెండవనాడు యథాశక్తియైనను చేయవలెను.

ఆదరమను మూడవ మాటను మఱువరాదు. రోతతో చేయు పని నిలువదు. నడక నచ్చనివారు వేఱొకటి చేయవచ్చును. మన తిరుపతి, చిత్తూరు ప్రాంతములలో కోలాటపు జట్లు, పండరిభజన జట్లు ఊరూర నున్నవి. ముప్పావుగంట కోలాటమాడిన స్త్రీకి చెమట పట్టకుండునా? అది భజనయు నగును, వ్యాయామమును నగును. యువకులకు చెడుగుడు, కఱ్ఱసాము కలవు. ఇష్టమైనది చేయువానికి ఉపదేశకునితో పని తక్కువ.

కొండ మెట్లు

ఇక నైమిత్తికము. నిత్యము నీరసపడకుండుటకు అప్పుడప్పుడొక పండుగ కావలెను. ఈ విషయమున మన ప్రాంతమంతటి భాగ్యము వేఱొకరికి లేదు. అలిపిరినుండి తిరుమలకు 3,550 మెట్లు, సుమారు తొమ్మిది కిలోమీటర్ల త్రోవ. శ్రీవారి మెట్టు త్రోవలో 2,388 మెట్లు. ఏటికొకమాఱు మ్రొక్కుబడికై సాధన లేకయే ఎక్కబోయి, గాలిగోపురమువద్దనే కూలబడి, మోకాళ్లమెట్టువద్ద కన్నీరు పెట్టువారిని మనము ఎఱుగుదుము. అదే కొండను రెండు మండలముల నిత్యాభ్యాసము ముగించినవాడు ఎక్కినచో, తన ఊపిరియే తనకు సాక్ష్యము చెప్పును. తూకపు యంత్రము చెప్పని మాటను ఆ మెట్లు చెప్పును. మన నడకజట్లు అభ్యాసము పూర్తియైన పిదప కలిసి కొండ నెక్కుట ఆచారముగా పెట్టుకొన్నచో, అదియే యాత్ర, అదియే పరీక్ష, అదియే బహుమానము.

పెద్ద బలశాలుల కథలలోను నిత్యమే దాగియున్నది. వీరఘట్టమున పుట్టి, 1942లో దివంగతులైన కోడి రామమూర్తినాయుడుగారు ఇనుపగొలుసులు త్రెంచిరనియు, రొమ్ముపై ఏనుగును నిలుపుకొనిరనియు చెప్పుకొని మురియుదుము. 2000 సెప్టెంబరు 19న సిడ్నీ నగరమున కరణం మల్లీశ్వరిగారు 240 కిలోలెత్తి, ఒలింపిక్ పతకము పొందిన మొదటి భారతీయ మహిళయైరని గర్వింతుము. మనము చూచినది ఒక్క దినము. ఆ దినమునకు వెనుక చప్పట్లు లేని వేల ఉదయములు గలవు. గాంధీమహాత్ముడు 1930లో తన 60వ యేట సబర్మతినుండి దండికి 24 దినములలో సుమారు 385 కిలోమీటర్లు నడచెను. ఆయన నిత్యము నడచువాడు గనుకనే ఆ నడక సాధ్యమైనది. వయస్సు మీఱినదని వెనుదీయు మా వయస్సువారు దీనిని తలపోయవలెను.

సంఘము చేయవలసినది

ఇంతవఱకు చెప్పినది ఒక్కొక్కని పని. ఇక సంఘపోషకులకు మా విన్నపము. మీరు దాతలు, విద్యార్థులకు వసతి కల్పించితిరి, కల్యాణమండపములు కట్టించితిరి. వ్యాయామమనగానే ఇనుప యంత్రములు కొనియిచ్చుట మొదటి ఆలోచనగా తోచును. ఎండకు వానకు త్రుప్పుపట్టిన యంత్రములను మనము పలుచోట్ల చూచుచున్నాము. యంత్రమును దానము చేయుటయు ఒకవిధమైన ఆరంభశూరత్వమే. కావున నాలుగు కోరికలు కోరుచున్నాము.

ఒకటి: పెండ్లిండ్లు లేని దినములలో కల్యాణమండపమును ఉదయమొక గంట, సాయంకాలమొక గంట వ్యాయామమునకు తెఱచియుంచవలెను. వాననాడు మన నిత్యమును కాపాడునది ఆ కప్పే.

రెండు: స్త్రీలకు ప్రత్యేకముగా ఒక గంటయు, వెలుతురుగల త్రోవయు, మఱుగుదొడ్డియు ఏర్పఱుపవలెను. స్త్రీలకు శ్రద్ధ లేదనుట అన్యాయము. చీకటి త్రోవలో కుక్కలకును, ఆకతాయిల మాటలకును వెఱచి ఇల్లు కదలనివారు పెక్కుమంది. వారికి కావలసినది బోధ కాదు, దీపము.

మూడు: యంత్రముల సొమ్ముతో శిక్షణ పొందిన ఒక వ్యాయామోపాధ్యాయునికో, ఉపాధ్యాయురాలికో ఏడాది జీతమీయవలెను. తలుపు తట్టు మనిషి యున్నచో యంత్రము లేకున్నను సాగును.

నాలుగు: ఒక హాజరుపట్టీ యుంచవలెను. అందు బరువులు, నడుము కొలతలు వ్రాయరాదు. వచ్చెనా, లేదా, ఇంతమాత్రమే వ్రాయవలెను. పది నిమిషములు చేసినవానికిని గంట చేసినవానికిని ఒకే గుఱుతు వేయవలెను. బహుమతులిచ్చినచో సన్నబడినవారికి గాక విడువనివారికి ఈయవలెను.

ఈ తలుపును ఇరుగుపొరుగువారికిని తెఱచియుంచుడని వేఱుగ చెప్పనక్కఱలేదనుకొందుము. రోగము కులమును అడిగి రాదు. మన మండపమున నలుగురు వచ్చి నడచినచో మన జట్టే బలపడును.

సోదరీసోదరులారా! వచ్చు వార్షిక సభలో కార్యదర్శిగారు చదువు నివేదికలో ఎందఱు మొదలుపెట్టిరను సంఖ్యను చదువవలదని మా కోరిక. ఎందఱు నిలిచిరో అది మాత్రమే చదువవలెను. అది పన్నెండే కావచ్చును, సిగ్గుపడ పనిలేదు. పన్నెండుమంది నిత్యులు మఱుసటి యేటికి పన్నెండు వీథులలో పన్నెండు తలుపులు తట్టుదురు.

ఈ సభ ముగిసి భోజనములకు లేవకముందే మీ చేతనున్న కార్యక్రమపత్రము వెనుక మూడు మాటలు వ్రాసికొనుడని ప్రార్థించుచున్నాము: రేపు ఏ పని వెంట, ఏ చోట, ఎవరి తోడ. ఆ మూడును వ్రాసినవారికి మా ఉపన్యాసము ఫలించినట్లే.